అగ్ని గుర్రం, పరాభవ నామ సంవత్సరం

ఈ ఏడు నల్లగొండలోనో పాలమూరులోనో అచ్చయిన పెళ్లిపత్రిక ఒకటి తీసి మొదటి వరుస చదవండి. స్వస్తిశ్రీ చాంద్రమాన అని ఎత్తుకుని, శ్రీ పరాభవ నామ సంవత్సర అని సాగి, ఆ తర్వాత మాసం, తిథి, వారం, లగ్నం వస్తాయి. పరాభవం అంటే ఓటమి, తలవంపు. వినాయకుడి బొమ్మ కింద, వధూవరుల పేర్లకన్నా ముందే, ఆ మాట ఒక ‘శ్రీ’ని కూడా తగిలించుకుని నిక్షేపంగా కూర్చుని ఉంటుంది. అటు వియ్యంకులు గానీ ఇటు వియ్యంకులు గానీ ఉలిక్కిపడరు. ఇదే ఏడాదికి చైనా లెక్కలో పేరు గుర్రం. 2026 ఫిబ్రవరి 17న వాళ్ల గుర్రపు ఏడు మొదలైంది, మార్చి 19న మన పరాభవ మొదలైంది. గుర్రాల్లోనూ ఇది మామూలు గుర్రం కాదు, అరవై ఏళ్లకొకసారి వచ్చే అగ్ని గుర్రం. వాళ్ల చక్రమూ అరవైదే, మన చక్రమూ అరవైదే కనుక నెల అటూ ఇటూగా ఈ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి. 1906లో వచ్చాయి, 1966లో వచ్చాయి, ఇప్పుడు వచ్చాయి. ఒక పేరు విని జపానులో జనం పిల్లల్ని కనడానికి జంకారు, రెండో పేరు విని మనవాళ్లు పెళ్లిళ్లు కూడా ఆపుకోలేదు. తిరిగిన భూమి ఒకటే, కాసిన ఎండ ఒకటే. అలాంటప్పుడు ఏడాదికి ఒక జంతువు పేరో ఒక సంస్కృతం మాటో తగిలిస్తే దానికి అర్థమేమిటి? నాకు తోచింది ఇది: సంవత్సరం పేరు వెనక్కి తిరిగి చూసేవాడి చేతికి పిడి లాంటిది. యాది పెట్టుకోవడానికి, లెక్క సరిచూడటానికి, సాక్ష్యం చెప్పడానికి దాన్ని మించింది లేదు. అదే పిడిని పట్టుకుని రేపటి తలుపు తెరవబోతే మాత్రం అది ఊడి చేతికొస్తుంది.

ముందు గుర్రం సంగతి చూద్దాం. చైనా లెక్కకు పునాది జంతువులు కావు. పది గుర్తుల వరుస ఒకటి, పన్నెండు గుర్తుల వరుస ఒకటి ఉంటాయి. రెండిటినీ పక్కపక్కన పళ్లచక్రాల్లా తిప్పితే అరవై జోడీల తర్వాత మొదటి జోడీ మళ్లీ వస్తుంది. మూడు వేల ఏళ్లకు పూర్వమే షాంగ్ రాజుల కాలంలో శకునాలు అడగడానికి చెక్కిన ఎముకల మీద ఈ అరవై జోడీలున్నాయి, కాకపోతే అప్పట్లో వాటితో లెక్కపెట్టింది రోజుల్ని. ఏళ్లకు వాడటం చాలా తర్వాతి మాట. పన్నెండు గుర్తులకు పన్నెండు జంతువులు అంటుకోవడం కూడా తర్వాతి మాటే. హూబే రాష్ట్రంలో షుయిహుది అనే చోట 1975లో ఒక సమాధిని తవ్వితే వెదురు బద్దల మీద రాసిన పుస్తకాలు దొరికాయి. ఆ సమాధి క్రీ.పూ. 217 నాటిది. అందులో జంతువుల పట్టీ ఉంది, కానీ నేటి పట్టీ కాదు. ఈ ఏటి గుర్తుకు ఇప్పుడు గుర్రం అంటున్నారు కదా, అక్కడ అది జింక. గుర్రం ఆ పక్క గుర్తు దగ్గర ఉంది. ఇంకా తమాషా ఏమిటంటే ఆ పట్టీ రాసింది మనుషుల జాతకం చెప్పడానికి కాదు, దొంగను పట్టుకోవడానికి. ఏ గుర్తు గల రోజున దొంగతనం జరిగిందో చూసి దొంగ ముక్కు ఎలా ఉంటుందో, మచ్చ ఎక్కడ ఉంటుందో చెప్పేవారన్నమాట. జంతువు మారితే ఫలం కూడా మారాలి.  వియత్నాం వెళ్తే కుందేలు ఏడు పిల్లి ఏడవుతుంది, ఎద్దు ఏడు గేదె ఏడవుతుంది. సరిహద్దు దాటగానే రూపం మార్చుకునేది ప్రకృతి శక్తి అయ్యే వీలు తక్కువ, మనుషుల అలవాటు అయ్యే వీలు ఎక్కువ. ఈ అనుమానం ఇప్పటిది అనుకోనక్కర్లేదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో వాంగ్ చోంగ్ అనే చైనా తార్కికుడు ఇదే పట్టీని ముందు పెట్టుకుని వెక్కిరించాడు. ఎలుక నీటి గుర్తు, గుర్రం నిప్పు గుర్తు, నీరు నిప్పును ఆర్పుతుందంటున్నారు కదా, మరి ఎలుకలు గుర్రాలను తరమవేం అని అతని ప్రశ్న. రెండు వేల ఏళ్లయినా దానికి జవాబు రాలేదు.

మన చక్రం కథ వేరు. దీనికి మూలం ఆకాశంలోని గురువు. గురుగ్రహం సూర్యుడి చుట్టూ తిరగడానికి సుమారు 11.86 ఏళ్లు పడుతుంది, అంటే ఒక్కో రాశిలో దాదాపు ఏడాది ఉంటుంది. ఈ పన్నెండేళ్ల లెక్క పాలమూరు, నల్లగొండ జిల్లాల వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు, దాని పేరు పుష్కరం. గురువు కన్యలో ప్రవేశిస్తే కృష్ణకు పుష్కరాలు. బీచుపల్లి, సోమశిల, వాడపల్లి, మట్టపల్లి రేవులు అప్పుడు జనంతో నిండుతాయి. 1980, 1992, 2004, 2016 కృష్ణా పుష్కరాల ఏళ్లు. అవన్నీ చైనా వారి కోతి ఏళ్లు కూడా. ఇందులో వింత లేదు, రెండూ పన్నెండు మీద నడిచే లెక్కలు గనుక ఒకసారి కలిసినవి కొంతకాలం కలిసే నడుస్తాయి. కొంతకాలం అనడం ఎందుకంటే గురువుకు నిండుగా పన్నెండేళ్లు పట్టదు. ఆ కొద్ది తేడా పోగుపడి సుమారు 85 ఏళ్లకు ఒక ఏడాదవుతుంది. ఉత్తరాది పంచాంగాలు గురువు నడకను పట్టుకునే ఉండి, 85 ఏళ్లకొకసారి ఒక పేరును దాటవేస్తూ వచ్చాయి. దక్షిణాది వారు సుమారు వెయ్యేళ్ల కిందటే ఆ గోల వదిలించుకుని, దాటవేతలు లేకుండా ఏటికొక పేరు చొప్పున పెట్టుకుంటూ పోయారు. ఫలితం ఏమిటంటే నల్లగొండలో పరాభవ నడుస్తుంటే కాశీలో రౌద్ర నడుస్తోంది, వాళ్లు మనకన్నా పధ్నాలుగు పేర్లు ముందున్నారు. గురుగ్రహ ప్రభావమే పేరులో ఉందని వాదించేవారు ముందు ఈ చిక్కు విప్పాలి. మన పేరు గురువును వదిలేసి వెయ్యేళ్లయింది. పూజలో సంకల్పం చెప్పించే పురోహితుడు ఈ సంగతి దాచడు కూడా. సంవత్సరం పేరుకు ముందు ఆయన పలికే మాట ‘వ్యావహారిక చాంద్రమానేన’. వ్యవహారం కోసం పెట్టుకున్న లెక్క ప్రకారం అని. దేవుడి ఎదుటే ఇంత స్పష్టంగా చెప్పుకున్నాక మనం పంతానికి పోవడం దేనికి?

ఈ రెండు చక్రాలూ ఒకదాన్నొకటి ఎరుగని పరాయివి అనుకుంటే అదీ పొరపాటే. అవి కలిసిన చోటు టిబెట్, ఆ కలయికకు దారి చూపిన గ్రంథం కాలచక్ర తంత్రం. టిబెట్ వారి సంప్రదాయం ప్రకారం బుద్ధుడు ఆ తంత్రాన్ని బోధించింది మన ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతిలో, నల్లగొండ జిల్లా దాటి కృష్ణ కిందికి పారి చేరే ఒడ్డున. దలైలామా 2006 జనవరిలో అమరావతికి వచ్చి కాలచక్ర దీక్షలు ఇచ్చింది అందుకే. టిబెట్ వారు తమ అరవై ఏళ్ల చక్రాన్ని ‘రబ్‌జుంగ్’ అంటారు. అది ‘ప్రభవ’ అన్న మన మొదటి పేరుకు అనువాదం. వాళ్ల మొదటి రబ్‌జుంగ్ క్రీ.శ. 1027లో మొదలైంది. మన లెక్క వెనక్కి నడిపితే 1027 ప్రభవే. కానీ ఆ ఏడాదికి వాళ్లు ప్రభవతో పాటు అగ్ని కుందేలు అన్న చైనా పేరు కూడా ఉంచుకున్నారు. ఒకే ఏడాదికి రెండు పేర్లు, రెండు అర్థాలు, రెండిటికీ మధ్య ఏ పొత్తూ లేదు. ప్రభవ అంటే పుట్టుక, కుందేలు కుందేలే. నాగార్జునసాగర్‌లో నల్లగొండ గట్టుకు ఎదురుగా, జలాశయం మధ్య దీవిగా మిగిలిన నాగార్జునకొండ మీద ఉపాసిక బోధిసిరి వేయించిన 3వ శతాబ్దపు శాసనంలో, బౌద్ధ భిక్షువులు ధర్మం వినిపించిన దేశాల వరుసలో చీన పేరు కూడా ఉంది. చైనా మాట కృష్ణ ఒడ్డుకు కొత్తది కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన, జంతువులు ఈ దారినే వెళ్లాయనో వచ్చాయనో అనడానికి కాదు.

ఇప్పుడు అసలు తగువుకు వద్దాం. నకిరేకల్ మండలం చందుపట్లలో ఒక రాతి శాసనం ఉంది. కాకతీయ రాణి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయారని, వారికి పుణ్యం కలగాలని ఆ నాయకుడి బంటు పువ్వుల ముమ్మడి భూదానం చేశాడని అందులో ఉంది. దాని మీద తేదీ శక 1211, విరోధి సంవత్సరం, మార్గశిర మాసం. ఇంగ్లీషు లెక్కలో 1289 నవంబరు. తన మీద తిరగబడిన సామంతుడు అంబదేవుడితో పోరులో ఆమె మరణించిందని చరిత్రకారులు ఊహిస్తారు. పేరును నమ్మేవారికి ఇంతకన్నా ఏం కావాలి? విరోధి చేతిలో మరణం, విరోధి నామ సంవత్సరంలో. వాళ్లు అక్కడితో ఆగరు, ఆగనక్కర్లేదు కూడా. ఓరుగల్లు పడిపోయిన 1323 పేరు రుధిరోద్గారి, నెత్తురు కక్కేది. మొన్నటికి మొన్న 2020 మార్చి 25న శార్వరి ఉగాది వచ్చింది, శార్వరి అంటే చీకటి రాత్రి. కరోనాకు దేశమంతా తలుపులు మూసుకున్న మొదటి రోజు సరిగ్గా అదే. ఈ మూడింటినీ వరుసగా పేర్చితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. వీటిని నేను చిన్నబుచ్చను, అవి నిజంగా జరిగినవే.

అయితే పేర్చేవాడు ఏవి ఏరుకున్నాడో, ఏవి పక్కన పారేశాడో కూడా చూడాలి. 1832 పేరు నందన. ఆనందమిచ్చేది, దేవేంద్రుడి ఉద్యానం పేరు. ఆ ఏడాది గుంటూరు సీమను పట్టిన కరువులో ఆ జిల్లా జనంలో మూడో వంతు దాకా పోయారని అంచనా. ఆ కరువు పేరే నందన కరువు. డొక్కలు ఎండిన కరువు గనుక డొక్కల కరువనీ అన్నారు. 1876 పేరు ధాత. సృష్టించి పోషించేవాడని అర్థం. ఆ ఏడాది వానలు ఎగ్గొట్టడంతో మొదలై 1878 దాకా సాగిన కరువు మద్రాసు, మైసూరు, బొంబాయి ఇలాకాలనూ హైదరాబాద్ రాజ్యాన్నీ పీల్చేసింది, పోయినవారు 50 లక్షలకు పైమాటే. రాయలసీమ పల్లెల్లో దాన్ని ఇప్పటికీ ధాత కరువే అంటారు. అర్థం చూస్తే ఈ రెండు మాటలూ తిట్టులా వినపడాలి. జనం వాటిని అర్థం కోసం వాడలేదు, గుర్తు కోసం వాడారు. ఆనందం అన్న మాటకు ఆకలి అన్న అర్థం తెచ్చిపెట్టింది ఆ ఏడాదే గాని, ఆ మాట ఆ ఏడాదికి తెచ్చిపెట్టింది ఏమీ లేదు. నేను చెప్పదలచుకున్న సంగతంతా ఈ రెండు కరువుల పేర్లలో ఉంది.

దగ్గరి కాలానికి వస్తే ఇంకా తేలిపోతుంది. 1969 ఉగాదికి సౌమ్య వచ్చింది. ఆ సౌమ్యలోనే తెలంగాణ ఉద్యమం కాల్పుల పాలైంది, ఎందరో విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. శార్వరి తర్వాత 2021 ఏప్రిల్ 13న వచ్చింది ప్లవ, అంటే తెప్ప. చీకటి పోయి తెప్ప వచ్చింది, గట్టెక్కిస్తుందని ఎందరో ఊరట పడ్డారు. ఆస్పత్రుల్లో పడకలు, ఆక్సిజన్ దొరకక మన జనం అతి దారుణంగా పోయింది ఆ తెప్ప ఎక్కిన మొదటి రెండు నెలల్లోనే. శార్వరిని యాది పెట్టుకున్నంతగా ప్లవను ఎవరూ పెట్టుకోలేదు, కథకు కుదరలేదు గనుక. రుధిరోద్గారి మళ్లీ 1983లో వచ్చింది. ఆ ఏడాది జూన్ 25న కపిల్‌దేవ్ జట్టు ప్రపంచ కప్పు ఎత్తింది. కక్కిన నెత్తురెక్కడ? 2014 జయ మాట చెప్పనే అక్కర్లేదు. ఫిబ్రవరిలో విజయ ఉండగా పార్లమెంటులో తెలంగాణ బిల్లు గట్టెక్కింది, జూన్ 2న జయలో రాష్ట్రం వచ్చింది. మనకు పేరు అతికినట్టు సరిపోయింది. కానీ అదే పంచాంగం కృష్ణకు ఆవలి ఒడ్డున కూడా జయ అనే చెప్పింది కదా, వాళ్లు ఆ ఏడు జయం పొందామనుకున్నారా? అరవై పేర్లలో కోపం, పగ, నాశనం, రాక్షసి వంటివి చాలానే ఉన్నాయి, మంచి మాటలు అంతకన్నా ఎక్కువున్నాయి. ఇంత పెద్ద దేశంలో మంచీ చెడూ లేని ఏడాది ఒక్కటీ ఉండదు. ఏ పేరు తీసుకున్నా దానికి తగిన సంఘటన ఒకటి దొరికి తీరుతుంది, వెతికేవాడికి ఓపిక ఉండాలంతే.

సరే, పరాభవనే తీసుకోండి అంటారు. కిందటి పరాభవ 1966. ఆ జూన్ 6న రూపాయి విలువను ప్రభుత్వం 36.5 శాతం తగ్గించింది, ప్రపంచం ముందు తలవంపులే. ఆ ఏడాదే బీహారు ఎండిపోయింది, అమెరికా ఓడల గోధుమల కోసం దేశం ఎదురుచూసింది. పరాభవం కాకపోతే మరేమిటి? వినడానికి గట్టిగానే ఉంది. కానీ అదే 1966లో ప్రభుత్వం మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం తెప్పించి పంజాబు, హర్యానా పొలాల్లో చల్లించింది. తర్వాత రెండేళ్లకు ఓడల కోసం ఎదురుచూపు తగ్గడం మొదలైంది. ఆ పరాభవను ఆకలి ఏడు అనాలా, విత్తనం ఏడు అనాలా? ఏదన్నా చెల్లుతుంది. ఏదన్నా చెల్లే జోస్యం జోస్యం కిందికి రాదు.

దీనికన్నా బరువైన అభ్యంతరం జపాను నుంచి వస్తుంది. అక్కడ అగ్ని గుర్రపు ఏడు నిజంగానే దేశాన్ని కదిలించింది, అంకెలు సాక్షి. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్ల మొండిదవుతుందని, మొగుణ్ని మింగుతుందని అక్కడ పాత నమ్మకం. 17వ శతాబ్దంలో ప్రేమికుణ్ని మళ్లీ చూడాలని ఊరికి నిప్పుపెట్టి, ఆ నేరానికి దహన శిక్ష పొందిన ఒషిచి అనే కూరగాయల అంగడి వాని కూతురు 1666 అగ్ని గుర్రంలో పుట్టిందని కథ. 1906లో పుట్టిన ఆడపిల్లలు సంబంధాలు కుదరక కష్టపడ్డారు. అది చూసిన తరం 1966కు జాగ్రత్తపడింది. 1965లో జపానులో పుట్టిన పిల్లలు 18 లక్షల 23 వేలు, 1966లో 13 లక్షల 60 వేలు, 1967లో 19 లక్షల 35 వేలు. ఒక్క ఏడాదిలో నాలుగో వంతు పడిపోయి, మరుసటి ఏడాది ఎగిసిపడింది. జనన పటంలో ఆ గుంట ఇప్పటికీ పన్ను ఊడిన నోరులా కనిపిస్తుంది. చైనీయులు ఎక్కువున్న తైవాన్, హాంకాంగ్, సింగపూరుల్లో డ్రాగన్ ఏడు వస్తే అందుకు తలకిందులుగా కాన్పులు పెరుగుతాయి. పేరుకు బలం లేదంటావు, మరి ఈ బలం ఎక్కడిది అని అడగవచ్చు.

ఎక్కడిదో చూడటానికి దూరం పోనక్కర్లేదు. 1966లో కాకినాడలో పుట్టిన ఆడపిల్లలు కూడా అగ్ని గుర్రాలే. ఆ నక్షత్రాల కింద, ఆ నెలల్లోనే పుట్టారు. కాకినాడలో ఆ కథ ఎవరికీ తెలియదు గనుక ఏమీ జరగలేదు. గుర్రం కాకినాడ మీదుగా కూడా పోయింది, కథ మాత్రం జపానులోనే ఆగింది. అంకెల్లో కనిపించింది కథ బలం. డ్రాగన్ పిల్లల మీద చైనాలో చేసిన పరిశోధన కూడా ఇదే చెప్పింది. వాళ్లు చదువుల్లో కొంత ముందున్న మాట నిజమే, కానీ దానికి కారణం తల్లిదండ్రులు వాళ్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకుని, ఎక్కువ పెట్టుబడి పెట్టడం. ఇక్కడ మనం మురిసిపోవడానికి మాత్రం ఏమీ లేదు. సంవత్సరం పేరును మనం మనిషి నెత్తిన రుద్దలేదు గాని, మూలా నక్షత్రంలో పుట్టిన పిల్ల అనీ, కుజదోషం ఉన్న పిల్ల అనీ సంబంధాలు చెడగొట్టే పని మనకూ బాగా తెలుసు. జపానులో ఆ శిక్ష అరవై ఏళ్లకు ఒకసారి, మన దగ్గర ప్రతి నెలా.

ఇంకో అభ్యంతరం మన నేలదే. పంచాంగం వానలు చెబుతుంది, రైతు తరతరాలుగా దాన్ని నమ్మి బతికాడు, అంత అనుభవాన్ని కొట్టిపారేస్తావా అని. కొట్టిపారేయను, కానీ రైతు పంచాంగంలో దేన్ని నమ్మాడో చూడాలి. పాలమూరు, నల్లగొండ ఎగువ నేలల్లో ఏడాదికి పడేది సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన. అదీ ఒక వారం కురిసి మూడు వారాలు ముఖం చాటేస్తుంది. ఇక్కడ వానకు, పంటకు, సమయానికి కలిపి ఒకటే మాట, కాలం. వానలు పడితే కాలమైంది అంటారు, పడకపోతే కాలం కాలేదు అంటారు. కాలం కాని ఏళ్లలోనే పాలమూరు కూలీలు మూటలు సర్దుకుని బొంబాయి బాట పట్టారు, దేశంలోని డ్యాముల కట్టల మీద మట్టి మోశారు. ఇంత బిగువుగా బతికే రైతు ఆముదమో జొన్నో కందో పత్తో విత్తడానికి చూసుకునేది కార్తెలు. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ, మృగశిరలో తొలకరి, ఆరుద్రలో విత్తు. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న లెక్క. అందుకే మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది. సూర్యుడికీ ఋతువుకూ సంబంధం ఉంది గనుక కార్తెకూ వానకూ సంబంధం ఉంది. ఆ సామెతలన్నీ కార్తెల మీద పుట్టాయి. నందన వస్తే కందులు చల్లు, ఖర వస్తే ఖాళీగా ఉంచు అని సంవత్సరం పేరు మీద విత్తే ఆనవాయితీ లేదు. ఉగాది నాడు గుడిలో పంచాంగ శ్రవణానికి కూర్చున్న రైతే మృగశిర కురిసిందా లేదా చూసి నాగలి కట్టాడు. ఆ రెండింటి తేడా అతనికి మనం నేర్పాల్సిన పని లేదు.

శ్రవణంలో వినిపించే నవనాయకుల సంగతి కూడా ఇలాంటిదే. ఏడాదికి రాజెవరు, మంత్రెవరు, సేనాధిపతి ఎవరు, మేఘాధిపతి ఎవరు అని చెబుతారు. రాజు ఎంపిక చాలా సులువు, ఉగాది ఏ వారం పడితే ఆ వారాధిపతే రాజు. ఈసారి గురువారం పడింది గనుక రాజు గురువు. తక్కినవారిలో చాలామంది సూర్య సంక్రమణాలు ఏ వారం పడ్డాయో దాన్ని బట్టే కొలువెక్కుతారు. ఏడు రోజుల వారానికి, ఆమనగల్లు మీద లేచే మబ్బుకు ఏం చుట్టరికం? ఇక రాశులవారీగా చెప్పే ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అంకెలైతే చైనా వారి జంతు ఫలాలకు మన ఇంటి కజిన్లు. ప్రపంచ జనాభాలో పన్నెండో వంతు మందికి ఒకే ఆదాయం, ఒకే ఖర్చు. ఆ రోజు నవ్వుకుంటూ వింటాం, పచ్చడి తింటాం, బచ్చాలు తింటాం, సాయంత్రానికి మరిచిపోతాం. వినడంలో తప్పు లేదు, ఒక ఊరు ఏడాదికొకసారి ఒకచోట కూర్చుని రాబోయే కాలం గురించి మాట్లాడుకోవడం మంచి పనే.

మరి ఈ పేర్లను పారేద్దామా అంటే, వద్దు. అవి చేసే పని వేరే ఉంది, ఆ పనిలో వాటికి సాటి లేదు. చైనాలో పెద్దవారిని వయసెంత అని ముఖం మీద అడగడం కన్నా మీది ఏ జంతువు అని అడగడం మర్యాద. ముఖం చూస్తే ఏ పన్నెండేళ్ల చుట్టో తెలుస్తుంది, జంతువు చెబితే ఆ చుట్టులో ఏ ఏడో తెలుస్తుంది, వయసు దొరికిపోతుంది. పుట్టిన తేదీ కాగితం లేని కాలంలో మన పల్లెల్లోనూ ఇదే పని పుష్కరాలు చేశాయి, కరువులు చేశాయి, సంవత్సరాల పేర్లు చేశాయి. మనిషికి అరవై నిండితే పుట్టిన ఏడాది పేరు తిరిగొస్తుంది. మనం షష్టిపూర్తి చేసుకుంటాం, జపాను వారు అదే వయసుకు ఎర్ర చొక్కా తొడిగి కన్‌రెకి చేసుకుంటారు. 1966లో పుట్టిన జపాను వారూ తెలుగువారూ ఈ ఏడు ఆ పండుగలోనే ఉన్నారు. శాసనాల్లో ఈ పేరు చేసిన పని ఇంకా గొప్పది. అంకె చెక్కడంలో ఉలి జారవచ్చు, రాయి అరిగి ఒక అంకె పోవచ్చు. పక్కన సంవత్సరం పేరుంటే తప్పు బయటపడుతుంది. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి, మిగిలిన శేషం ఆ పేరు వరుస సంఖ్య. చందుపట్ల 1211కు 12 కలిపితే 1223, శేషం 23, ఇరవై మూడోది విరోధి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడి శాసనం శక 1084, శేషం 16, చిత్రభాను, రాతి మీద ఉన్నదీ అదే. ఈ ఏటి శక 1948, శేషం 40, పరాభవ. జంతువు కావాలంటే ఇంగ్లీషు సంవత్సరంలోంచి 3 తీసి 12తో భాగించండి, 2026కు శేషం 7, ఎలుక నుంచి ఏడోది గుర్రం. కూడికలు, తీసివేతలు, భాగహారాలు తప్ప ఇందులో రహస్యం లేదు.

అంకె తోడు లేకపోతే పేరు ఒక్కటే ఎంతవరకు మోయగలదో కూడా నాగార్జునకొండే చూపిస్తుంది. ఇక్ష్వాకు రాజుల కాలపు శాసనాల్లో అక్కడ విజయ అన్న సంవత్సరం పేరు కనిపిస్తుంది, అరవై పేర్ల వాడుకకు ఈ దేశంలో దొరికిన అతి పాత ఆధారాల్లో అదొకటి. ఇక్ష్వాకులు శక సంవత్సరం వేయలేదు, రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో మాత్రం వేశారు. నేటి లెక్కను వెనక్కి తిప్పితే 213 విజయే, 273 విజయే, 333 విజయే. ఆనాడు గురువు నడకనే పాటించి ఉంటే ఆ అంకెలు ఇంకా కొన్నేళ్లు జరుగుతాయి. ఆ ఒక్క మాట పట్టుకుని ఇక్ష్వాకుల కాలాన్ని కొందరు ముందుకు, కొందరు వెనక్కి జరుపుతూ చరిత్రకారులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. రాయి చెక్కినవాడికి తాను ఏ విజయలో కూర్చుని ఉన్నాడో బాగా తెలుసు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కదా, వేరే చెక్కడం దేనికని వదిలేసి ఉంటాడు.